మందుకు ముందే పుట్టిన జన్యువులు

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మృతిలో వైద్య విద్యార్థుల ఎదుట చేసిన ఉపన్యాస పాఠం)



సుబ్బారావుగారి పేరు మీద జరిగే సభల్లో చాలామంది వక్తలు ఆయనకు నోబెల్ రాలేదన్న మాటతో మొదలుపెట్టి అక్కడే ముగిస్తారు. ఆ బాధ నాకూ ఉంది. కాని దాన్ని మరోసారి తలచుకుంటే రేపు పొద్దున వార్డులో మీకు ఒరిగేదేమీ లేదు. అందుకని ఆయన హయాంలో వచ్చిన ఒక మందును పట్టుకుంటాను. దానికి బ్యాక్టీరియా ఏ జవాబులు చెప్పిందో, ఆ జవాబులు మన ఐసీయూల దాకా ఎలా వచ్చాయో చెబుతాను. నేను మైక్రోబయాలజీ మనిషిని. కల్చర్ ప్లేట్ల మధ్య బతికేవాణ్ణి కాబట్టి మాట అటువైపే మొగ్గితే మన్నించాలి.

1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావుగారి సోదరులు ఇద్దరు స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో మనిషి రోజురోజుకీ కరిగిపోయే జబ్బు అది. ఇవాళ మన ప్రాంతాల స్ప్రూకు రాసే చీటీలో ముఖ్యంగా రెండు మందులుంటాయి: ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లీ ప్రయోగశాలల్లో, ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది ఆయన నడిపించిన బృందమే. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ బయటపడిందీ అక్కడే, ఆయన పరిశోధనలకు పెద్దగా ఉన్న రోజుల్లోనే.

ఆరియోమైసిన్‌ను పట్టుకున్న బెంజమిన్ డగ్గర్ వృక్షశాస్త్రవేత్త. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రిటైరయ్యాక, డెబ్బై దాటిన వయసులో లెడర్లీలో చేరాడు. రకరకాల చోట్ల నుంచి మట్టి తెప్పించి, అందులోని సూక్ష్మజీవుల్లో మందు చేసేవాటిని ఏరడం ఆయన పని. మిస్సోరీ విశ్వవిద్యాలయంలో శాన్‌బోర్న్ ఫీల్డ్ అని ఒక పాత ప్రయోగ క్షేత్రం ఉంది. అక్కడి 23వ మడి నుంచి, టిమోతీ గడ్డి పెరిగే మట్టి నుంచి, వచ్చిన నమూనాలో బంగారు ఛాయ ఉన్న బ్యాక్టీరియా దొరికింది. దానికి స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్ అని పేరు పెట్టారు. అది ఇచ్చిన మందు నోటితో వేసుకోవచ్చు. పెన్సిలిన్ తాకలేని రికెట్సియా జ్వరాల్లోనూ పనిచేస్తుంది. 1948 జులైలో న్యూయార్క్ సైన్సెస్ అకాడమీ సమావేశంలో ఆ ఫలితాలు ప్రకటించారు. ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఇక్కడ విద్యార్థులు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. టెట్రాసైక్లిన్ బ్యాక్టీరియా రైబోజోమ్‌కు అతుక్కుని ప్రోటీన్ తయారీని ఆపేస్తుంది. దాన్ని తయారుచేసే స్ట్రెప్టోమైసిస్ కూడా బ్యాక్టీరియానే కదా, తన మందుకు తానెందుకు బలికాదు? కాదు, ఎందుకంటే మందు చేసే జన్యువుల పక్కనే దాన్నుంచి తప్పించుకునే జన్యువులూ ఉంటాయి. దీనికి దగ్గరి చుట్టం స్ట్రెప్టోమైసిస్ రైమోసస్ ఉంది, ఆక్సీటెట్రాసైక్లిన్ చేసేది. అందులో ఒక జన్యువు మందును బయటికి తోడేసే పంపును ఇస్తుంది. ఇంకొకటి రైబోజోమ్‌ను కాపాడే ప్రోటీన్‌ను ఇస్తుంది. ఆసుపత్రి బ్యాక్టీరియాలో ఇవాళ మనం చూసేదీ ఈ రెండు పద్ధతులనే. అమైనోగ్లైకోసైడ్ మందులను పాడుచేసే ఎంజైములు మట్టిలోని స్ట్రెప్టోమైసిస్‌లలోనూ ఉన్నాయని 1973లో బెన్‌వెనిస్టీ, జూలియన్ డేవీస్ చూపించారు. ఆసుపత్రి జన్యువుల పుట్టిల్లు ఇదే అయి ఉండవచ్చని అప్పుడే అన్నారు.

తర్వాత 2011లో కెనడా శాస్త్రవేత్తలు యుకాన్ ప్రాంతంలో 30,000 ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న మట్టిని తవ్వి అందులోని డీఎన్‌ఏ చదివారు. పెన్సిలిన్ జాతి మందులకు, టెట్రాసైక్లిన్‌కు, వాంకోమైసిన్‌కు లొంగని జన్యువులు అందులో కనిపించాయి. ఆ పాత వాంకోమైసిన్ జన్యువు నుంచి ప్రోటీన్ తయారుచేసి చూస్తే నేటి ఆసుపత్రుల్లో ఉన్నదాన్నే పోలి ఉంది. మనిషి దుక్కి దున్నడం నేర్వక ముందే టెట్రాసైక్లిన్‌కు విరుగుడు ఉందన్నమాట. పెన్సిలిన్ సంగతీ అంతే. దాన్ని విరగ్గొట్టే ఎంజైమును ఆక్స్‌ఫర్డ్‌లో ఎడ్వర్డ్ ఏబ్రహాం, ఎర్నెస్ట్ చెయిన్ 1940 డిసెంబరులో ప్రకటించారు. అక్కడే ఒక పోలీసు ఉద్యోగికి పెన్సిలిన్ ఎక్కించడం మొదలుపెట్టింది 1941 ఫిబ్రవరిలో.

'మందు అలవాటైపోయి పనిచేయడం లేదు' అని రోగులు అంటారు. మన డాక్టర్లలో కూడా కొందరు అంటారు. శరీరానికి యాంటీబయాటిక్ అలవాటు కాదు. బ్యాక్టీరియాకూ కాదు. 1943లో లూరియా, డెల్‌బ్రుక్, 1952లో లెడర్‌బర్గ్ దంపతులు ఈ ముడి విప్పారు. లెడర్‌బర్గ్‌లు చేసిన పని చూడటానికి ఎంతో సాదా. మందు లేని ప్లేటు మీద పెరిగిన కాలనీలను వెల్వెట్ గుడ్డ మీద అద్ది, అదే గుడ్డను మందు కలిపిన ప్లేట్ల మీద వరసగా అద్దారు. ప్రతి ప్లేటులోనూ అదే చోట కాలనీ లేచింది. అంటే మందు ముఖం కూడా చూడని ఆ మూల కాలనీలో లొంగనివి ముందే ఉన్నాయి. మందు వాటిని పుట్టించలేదు, మిగతావాటిని చంపి వాటికి చోటిచ్చింది.

ఇలాంటి మార్పులు యాదృచ్ఛికంగా, కోట్ల కణాల్లో ఒకదానిలో వస్తాయి. సిప్రోఫ్లాక్సాసిన్ పట్టుకునే గైరేజ్ అనే ఎంజైములో 83వ స్థానంలోని సెరీన్ మారితే చాలు, ఇ.కోలై మీద ఆ మందు పట్టు సడలుతుంది. క్షయ బ్యాక్టీరియా అయితే పూర్తిగా ఈ దారిలోనే మొండికేస్తుంది. అందుకే క్షయకు ఒకేసారి నాలుగు మందులు ఇస్తాం. ఒక మందుకు లొంగనిది కోట్లలో ఒకటి ఉంటే, రెండు మందులకూ ఒకేసారి లొంగనిది కోటి కోట్లలో ఒకటి. నాలుగింటికీ అయితే రోగి ఒంట్లో ఉండే అవకాశమే లేదు. లెక్క చక్కగా కుదిరింది. క్షయలో ఇప్పటికీ కుదురుతోంది.

ఆ లెక్కను జపాన్‌లో షిగెల్లా తలకిందులు చేసింది. యుద్ధం తర్వాత అక్కడ రక్త విరేచనాలు విపరీతంగా ఉండేవి. మొదట సల్ఫా మందులు వాడారు, అవి విఫలమయ్యాక స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ వచ్చాయి. 1955లో ఈ నాలుగింటికీ ఒకేసారి లొంగని షిగెల్లా దొరికింది. ఒకటీ అరా అయితే ఏదో అనుకోవచ్చు. కొన్నేళ్లలో అలాంటివి పెరిగిపోయాయి. పైగా వింత ఏమిటంటే, ఒకే రోగి మలంలో నాలుగు మందులకూ లొంగే షిగెల్లా, దేనికీ లొంగని షిగెల్లా రెండూ కనిపించేవి. వాటి పక్కనే ఉన్న ఇ.కోలై, ఏ జబ్బూ చేయనిది, అదే నాలుగు మందులకు లొంగేది కాదు. రోగికి ఇచ్చింది ఒక్క మందే అయినా ఇదే తీరు. 1959లో ఒచియాయి, అకిబా ఎవరికి వారు రెండు రకాల బ్యాక్టీరియానూ ఒకే గొట్టంలో కలిపి చూశారు. నాలుగు లక్షణాలూ మూటగా ఒకదాన్నుంచి ఇంకొకదానికి మారాయి. సుతోము వతనబె 1963లో ఇంగ్లిషులో సమీక్షా వ్యాసం రాసేదాకా పడమటి దేశాలు దీన్ని పెద్దగా పట్టించుకోలేదు.

ఆ మూట ప్లాస్మిడ్. క్రోమోజోమ్‌తో సంబంధం లేకుండా తనంతట తాను నకలు చేసుకునే డీఎన్‌ఏ వలయం. ఒక బ్యాక్టీరియా ఇంకొకదాన్ని సన్నని నాళంతో పట్టుకుని, ప్లాస్మిడ్‌లోని ఒక పోగును అటు పంపుతుంది. రెండు చోట్లా జోడు పోగు తయారవుతుంది. పొరుగింటావిడకు పెరుగు తోడు ఇచ్చినట్టే. వాళ్ల పాలు తోడుకుంటాయి, మన గిన్నెలో పెరుగు తరగదు. మర్నాడు ఆవిడ ఇంకో నలుగురికి ఇవ్వగలదు. పైగా పుచ్చుకునే ఇల్లు అదే కులం కానక్కరలేదు: ఇ.కోలై నుంచి క్లెబ్సియెల్లాకు, అక్కడి నుంచి ఎంటరోబ్యాక్టర్‌కు వెళ్లిపోతుంది.

దీని వల్ల మన ప్రిస్క్రిప్షన్‌కు అర్థమే మారిపోయింది. ఒక ప్లాస్మిడ్ మీద సెఫలోస్పోరిన్ జన్యువు, జెంటామైసిన్ జన్యువు, సల్ఫా జన్యువు పక్కపక్కన ఉంటే, వాటిలో ఏ మందు ఇచ్చినా మొత్తం మూటను కాపాడినట్టే. మూటలో ఆరు మందుల జన్యువులుంటే, వాటిలో ఐదు మందులను ఊళ్లో ఎవరూ వాడకపోయినా, ఆరోదాన్ని వాడుతున్నంతకాలం మిగతా ఐదు జన్యువులూ భద్రంగా ఉంటాయి. 'ఆ మందు కొన్నాళ్లు ఆపేద్దాం, మళ్లీ పనిచేస్తుంది' అనే ఆశ చాలాసార్లు ఫలించకపోవడానికి కారణం ఇదే.

మళ్లీ టెట్రాసైక్లిన్ దగ్గరికి వస్తాను. 1980లో బోస్టన్‌లో స్టూవర్ట్ లెవీ బృందం ఒక విషయం తేల్చింది. లొంగని ఇ.కోలై లోపల టెట్రాసైక్లిన్ చెక్కుచెదరలేదు, రైబోజోమూ మారలేదు. కణత్వచంలో ఉన్న ప్రోటీన్ ఒకటి, వచ్చిన మందును వచ్చినట్టే బయటికి తోడేస్తోంది. మందు లేనప్పుడు ఆ పంపు జన్యువును రెప్రెసర్ అణచి ఉంచుతుంది. టెట్రాసైక్లిన్ లోపలికి రాగానే రెప్రెసర్‌కు అతుక్కుని దాన్ని డీఎన్‌ఏ నుంచి తప్పిస్తుంది. అప్పుడు పంపు తయారవుతుంది. మందు లేని రోజు ఒక్క ప్రోటీన్ అణువు కూడా దండగ కాదు. ఇంత పొదుపు మన బడ్జెట్లలో కనిపించదు.

రెండో జవాబు టెట్-ఎం. రైబోజోమ్‌ను ముందుకు జరిపే మామూలు ప్రోటీన్ ఒకటుంది. టెట్-ఎం దాని పోలికే. రైబోజోమ్ మీద చేరి, అతుక్కుని ఉన్న టెట్రాసైక్లిన్‌ను ఊడదీసి తాను తప్పుకుంటుంది. యుకాన్ మంచులో దొరికింది ఈ జన్యు కుటుంబానిదే. ఈ రెండు జవాబులకూ చిక్కని మందు కోసం వెతికి, లెడర్లీ వారసత్వం పుచ్చుకున్న వైయెత్ కంపెనీ టైజిసైక్లిన్ తెచ్చింది. 2005లో అమెరికాలో అనుమతి వచ్చింది. టెట్రాసైక్లిన్ అణువుకు ఒక తోక తగిలించారు, దాంతో పాత పంపుకు చిక్కదు, టెట్-ఎంకు ఊడదు. సంతోషించాం. మన దగ్గర కడుపులో చీము పట్టిన కేసుల్లో, అసినెటోబ్యాక్టర్ కేసుల్లో దాన్ని వాడుతూనే ఉన్నాం. 2019లో చైనా నుంచి టెట్-ఎక్స్3, టెట్-ఎక్స్4 అనే ప్లాస్మిడ్ జన్యువుల వార్త వచ్చింది. అవి టైజిసైక్లిన్‌కు ఆక్సిజన్ తగిలించి పనికిరాకుండా చేస్తాయి.

అయితే ప్రకృతిలో అన్నిటికీ విరుగుడు ముందే ఉందా అని అడుగుతారు. సిప్రోఫ్లాక్సాసిన్ మట్టిలో ఎక్కడా లేదు, పూర్తిగా మనిషి చేసిన అణువు. దానికి విరుగుడు పాత సామానుతోనే తయారైంది. టోబ్రామైసిన్, అమికాసిన్ లాంటి మందులకు ఎసిటైల్ తగిలించే ఎంజైములో రెండు అమైనో ఆమ్లాలు మారాయి. అది ఇప్పుడు సిప్రోఫ్లాక్సాసిన్‌ను కూడా పాడుచేస్తుంది. ఈ సంగతి 2006లో బయటపడింది. ఇలాంటి జన్యువులు ఇంటిగ్రాన్ అనే అమరికలో, ఒకే ప్రమోటర్ వెనక వరసగా చేరి ఉంటాయి. ముందున్నది ఎక్కువ పనిచేస్తుంది, వెనకది తక్కువ. ఆ వరసను మార్చే ఎంజైమును కదిలించేది డీఎన్‌ఏకు దెబ్బ తగిలినప్పుడు కణంలో మొదలయ్యే ఎస్‌ఓఎస్ స్పందన. డీఎన్‌ఏకు అలాంటి దెబ్బ కొట్టే మందుల్లో సిప్రోఫ్లాక్సాసిన్ ఒకటి. చాలీచాలని మోతాదులో ఇస్తే ఏం చేసినట్టో మీరే ఆలోచించండి.

సిద్ధాంతం చాలు, ఒక ప్లేటు చూపిస్తాను. గాయం చీములోంచి వచ్చిన స్టెఫిలోకాకస్ ఆరియస్‌ను మ్యుల్లర్-హింటన్ అగర్ మీద పరచి, ఎరిత్రోమైసిన్ డిస్క్, దానికి రెండు సెంటీమీటర్ల దూరంలో క్లిండామైసిన్ డిస్క్ పెడతాం. మర్నాడు పొద్దున తీస్తే ఎరిత్రోమైసిన్ చుట్టూ ఖాళీ లేదు. క్లిండామైసిన్ చుట్టూ ఖాళీ వలయం పెద్దదే ఉంది; దాన్ని స్కేలుతో కొలిచి 'లొంగుతుంది' అని రాసేయొచ్చు. కాని సరిగ్గా చూస్తే ఆ వలయం ఎరిత్రోమైసిన్ వైపు నొక్కుకుపోయి, ఇంగ్లిషు డీ అక్షరంలా ఉంటుంది. ఆ నొక్కులో ఒక జన్యువు కథంతా ఉంది. రైబోజోమ్ మీద ఒక బిందువుకు మిథైల్ తగిలించే ఎర్మ్ జన్యువు ఈ బ్యాక్టీరియాలో ఉంది, కాని దాని సందేశ ఆర్‌ఎన్‌ఏ మడతపడి నిద్రపోతోంది. ఎరిత్రోమైసిన్ తగలగానే ఆ మడత విప్పుకుని ఎంజైము తయారవుతుంది, అప్పుడు రెండు మందులూ అతుక్కోలేవు. క్లిండామైసిన్‌కు ఆ నిద్ర లేపే శక్తి లేదు. అందుకే ఎరిత్రోమైసిన్ చేరిన వైపు మాత్రమే బ్యాక్టీరియా ముందుకొచ్చింది. రోగికి క్లిండామైసిన్ ఇస్తే మొదట తగ్గినట్టే ఉండి, మడత శాశ్వతంగా విప్పుకున్న మ్యుటెంట్లు పైకొచ్చి మందు విఫలం కావచ్చు. ఆ రిపోర్టులో 'లొంగదు' అనే రాయాలి. డిస్కులు దూరం దూరంగా పెడితే ఈ నొక్కు కనిపించదు.

ఇక మన దేశానికి బాగా తెలిసిన జన్యువు పేరు, ఎన్‌డీఎం-1. అందులో ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ. న్యూఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి స్వీడన్ తిరిగి వెళ్లిన ఒక రోగి మూత్రంలో 2008లో క్లెబ్సియెల్లా దొరికింది. మెరోపెనెం జాతి మందులేవీ దాని మీద పనిచేయలేదు. ఆ రోగి మలంలోని ఇ.కోలైలో కూడా అదే జన్యువు, వేరే సైజు ప్లాస్మిడ్ మీద, కనిపించింది. యాభై ఏళ్ల నాటి జపాన్ దృశ్యమే మళ్లీ. 2010 ఆగస్టులో మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కార్తికేయన్ కుమారస్వామి, కార్డిఫ్‌కు చెందిన టిమ్ వాల్ష్ తదితరులు లాన్సెట్ పత్రికల్లో ఒకదానిలో ఆ జన్యువు ఉన్న బ్యాక్టీరియా నమూనాల లెక్కలు వేశారు: చెన్నైలో 44, హర్యానాలో 26, బ్రిటన్‌లో 37, భారత్, పాకిస్తాన్‌లలో మిగతా చోట్ల 73. మన దగ్గర రగడంతా పేరు మీదే నడిచింది. ఢిల్లీ పేరు పెట్టడం అన్యాయమా అంటే, అన్యాయమే అనుకుందాం. కాని 2011లో ఢిల్లీలో 50 కుళాయి నీటి నమూనాల్లో రెండింటిలో, వీధుల్లో నిలిచిన 171 నీటి నమూనాల్లో 51లో ఆ జన్యువు దొరికిన సంగతి మీద అంత రగడ జరగలేదు. జరగాల్సింది దాని మీద.

ఈ జన్యువు పుట్టుక ఆసక్తికరం. ఎన్‌డీఎం ప్రోటీన్‌లో మొదటి ఆరు అమైనో ఆమ్లాలు దానివి కావు. అమికాసిన్‌ను పాడుచేసే వేరే జన్యువు మొదలు వచ్చి దీనికి అతుక్కుంది. అసినెటోబ్యాక్టర్‌లో ఈ అతుకు జరిగి ఉంటుందని 2012లో వివరించారు. మామూలు బీటా-లాక్టమేజ్‌లు సెరీన్‌తో మందును విరగ్గొడతాయి. ఎన్‌డీఎం జింక్ అయాన్లతో ఆ పని చేస్తుంది. అందుకని సెరీన్ ఎంజైములను అడ్డుకునే అవిబాక్టమ్ దీని దగ్గర పనిచేయదు. ల్యాబులో ఇమిపెనెం డిస్క్ మీద కాస్త ఈడీటీఏ చుక్క వేస్తే, అది జింక్‌ను లాగేసుకుంటుంది, వలయం పెద్దదవుతుంది. అట్లా దొంగ దొరుకుతుంది. అజ్‌ట్రియోనాం అనే మందును మాత్రం ఎన్‌డీఎం విరగ్గొట్టలేదు. అయితే ఎన్‌డీఎం ఉన్న మన క్లెబ్సియెల్లాలో చాలావాటిలో పక్కనే సీటీఎక్స్-ఎం-15 అనే సెరీన్ ఎంజైము ఉంటుంది, అది అజ్‌ట్రియోనాంను తినేస్తుంది. దాన్ని అవిబాక్టమ్ ఆపగలదు. అందుకే ఐసీయూలో రెండు మందులు కలిపి ఎక్కిస్తారు, ఒకటి మందుగా, ఇంకొకటి దానికి కాపలాగా. మన ఇ.కోలైలో కొన్ని దీనికీ సమాధానం వెతుక్కున్నాయి: అజ్‌ట్రియోనాం అతుక్కునే ప్రోటీన్‌లోనే నాలుగు అమైనో ఆమ్లాలు అదనంగా చేర్చుకున్నాయి.

చివరికి కొలిస్టిన్ మిగిలింది. కిడ్నీలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు పక్కనపెట్టిన పాత మందు. బ్యాక్టీరియా పైపొరకు రుణ ఆవేశం, మందుకు ధన ఆవేశం. ఆ ఆకర్షణే దాని బలం. 2015 నవంబరులో చైనా నుంచి కొలిస్టిన్‌ను ఓడించే ఎంసీఆర్-1 అనే ప్లాస్మిడ్ జన్యువు వార్త వచ్చి ప్రపంచం బెంబేలెత్తింది. మన ఐసీయూ క్లెబ్సియెల్లాలో మాత్రం ముఖ్యంగా కనిపించేది వేరే దారి. పైపొర ఆవేశాన్ని మార్చే యంత్రాంగానికి ఎంజీఆర్-బీ అనే 47 అమైనో ఆమ్లాల చిట్టి ప్రోటీన్ బ్రేకు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకే డీఎన్‌ఏ ముక్క ఒకటి వచ్చి దాని జన్యువు మధ్యలో పడుతుంది. బ్రేకు పోతుంది, పైపొర రుణావేశం తగ్గుతుంది, కొలిస్టిన్ పట్టు జారుతుంది. ఈ మార్పుకు బయటి నుంచి జన్యువు రానక్కరలేదు, రోగికి మందు ఎక్కుతున్న ఆ పది రోజుల్లోనే జరిగిపోవచ్చు.

జన్యువులు మట్టిలో పుట్టాయి సరే, ఆసుపత్రిలో ఎందుకు గుమిగూడుతున్నాయి? 2011 జూన్‌లో అమెరికాలోని బెథెస్డాలో, జాతీయ ఆరోగ్య సంస్థల ఆసుపత్రికి, మెరోపెనెం జాతి మందులను విరగ్గొట్టే కేపీసీ అనే ఎంజైము ఉన్న క్లెబ్సియెల్లాతో ఒక రోగి వచ్చారు. తెలిసే వచ్చారు, విడిగా ఉంచారు, జులైలో పంపించేశారు. మూడు వారాల తర్వాత ఇంకొకరిలో అదే కనిపించింది. మొత్తం 18 మందికి పాకింది. 11 మంది చనిపోయారు, అందులో ఆరు మరణాలు ఈ ఇన్ఫెక్షన్ వల్లే. ఒక్కో బ్యాక్టీరియా జన్యుపటాన్నీ అక్షరం అక్షరం పోల్చి చూస్తే అన్నీ ఆ మొదటి రోగి నుంచే వచ్చాయని తేలింది. కడిగి శుభ్రం చేశామనుకున్న వెంటిలేటర్‌లో, సింకుల గొట్టాల్లో అది దొరికింది. డబ్బుకు కొదవలేని, ప్రపంచంలోనే పేరున్న పరిశోధనాసుపత్రి అది.

సింకు మాట వచ్చింది కాబట్టి ఒక మాట. మన ఐసీయూల్లో చేతులు కడిగే వాష్‌బేసిన్‌లోనే మిగిలిన డెక్స్‌ట్రోజ్ పోస్తారు, సిరంజీలో మిగిలిన మెరోపెనెం పోస్తారు, టీ గ్లాసులు కడుగుతారు. బ్యాక్టీరియాకు అక్కడ తిండీ ఉంది, పొరుగూ ఉంది, మందుల వడపోతా ఉంది. వర్జీనియా విశ్వవిద్యాలయం వారు 2017లో ఒక సింకు కట్టి చూపించారు: కింద వంపులో ఉన్న ఇ.కోలై గొట్టం గోడ పట్టుకుని రోజుకు సుమారు అంగుళం చొప్పున పైకి పాకింది. జాలీ దాకా వచ్చాక కుళాయి నీళ్ల తుంపరతో చుట్టూ చిమ్మింది. కొత్త యాంటీబయాటిక్ కోసం ఎదురుచూసేవాళ్లు ముందు ఆ గొట్టం వంక చూడాలని నా గట్టి అభిప్రాయం. ఆ సింకులు శుభ్రం చేసే ఆయాలకు, వార్డుబాయ్‌లకు ఏ జన్యువు గురించీ ఎవరూ చెప్పరు. చెబితే మనకన్నా ముందు వాళ్లే అర్థం చేసుకుంటారు.

ఆసుపత్రి గోడల బయట కూడా మన పేరు ఉంది. 2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిని పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. 2011లో అక్కడి వాగుల అడుగు మట్టిలో లొంగని జన్యువులు, వాటిని మోసే ఇంటిగ్రాన్లు, ప్లాస్మిడ్లు పెద్ద ఎత్తున కనిపించాయి. ప్రపంచానికి చవకగా మందులు ఇస్తున్నామని గర్వపడతాం, పడాలి కూడా. ఆ చవకలో వాగు ఖర్చు కలపలేదు.

సుబ్బారావుగారి సభలో ఈ సంగతి దాచడం సబబు కాదు: పశువుల మేతలో యాంటీబయాటిక్ కలపడం మొదలైంది కూడా లెడర్లీలోనే, ఆయన పోయాక. ఆరియోమైసిన్ తీసేయగా మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపితే అవి తొందరగా పెరుగుతున్నాయని థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ 1950లో చెప్పారు. స్టూవర్ట్ లెవీ 1976లో ఒక కోళ్ల ఫారం మీద ప్రయోగం ప్రచురించాడు. మేతలో ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపిన వారానికే కోళ్ల పేగుల్లో లొంగని ఇ.కోలై నిండింది. ఐదారు నెలలకు ఆ ఫారంలో ఉండే మనుషుల్లోనూ అది ఎక్కువైంది. వాళ్లెవరూ ఆ మందు మింగలేదు. మన దేశం మేతలో కొలిస్టిన్‌ను నిషేధించింది 2019లో. అప్పటికి ఎంసీఆర్-1 బయటపడి మూడేళ్లు దాటింది.

2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అంచనా. ఇంత చెప్పాక నా మాట ఒక్కటే. మనం రోగి పేరు, బ్యాక్టీరియా పేరు రాసుకుంటున్నాం, తిరుగుతున్నది జన్యువు. ఈ మంచం మీద రోగికి అక్కర్లేకుండా ఇచ్చిన మెరోపెనెం ఆయన పేగుల్లో పెంచిన ప్లాస్మిడ్, వచ్చే నెల అదే మంచం మీద పడుకునే మనిషికి చేరుతుంది. అది మన చేతుల మీదుగానే చేరుతుంది.

హౌస్‌సర్జన్లకు, పీజీలకు ఒక విన్నపం. యాంటీబయాటిక్ మొదటి డోసు వేయకముందే బ్లడ్ కల్చర్ తీయండి. పెద్దవాళ్లకు ఒక్కో సీసాకు ఎనిమిది నుంచి పది మిల్లీలీటర్ల రక్తం కావాలి. రెండు మిల్లీలీటర్లు పంపి 'గ్రోత్ లేదు' అని రిపోర్టు వస్తే దాన్ని నమ్మకండి. శాంపిల్ చీటీ మీద ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టారో రాయండి. 48 గంటలు కాగానే మళ్లీ చూడండి, అక్కర్లేని మందు ఆ రౌండ్స్‌లోనే ఆపండి. అనుమానం వస్తే మైక్రోబయాలజీకి ఫోన్ చేయండి. రాత్రి రెండింటికి చేసినా డ్యూటీలో ఉన్నవాళ్లు ఎత్తుతారు, ఎత్తకపోతే నాకు చెప్పండి.